భూకంపమా.. అణు పరీక్షా? నేల చెప్పే లెక్క ఇదీ.. ఆదోని రైలు దారిలోనే దేశపు ‘అణు చెవి’

1998 మే 11. మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలు. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో భారత్ ఒకేసారి మూడు అణు పరికరాలను పేల్చింది. అక్కడి నుంచి బయల్దేరిన భూతరంగాలు సుమారు మూడు నిమిషాల్లో 1,400 కిలోమీటర్లు దాటి మన ఆదోని, ఎమ్మిగనూరు కింద ఉన్న రాతి పొరల దాకా వచ్చేశాయి. మనిషికి తెలిసేంత కదలిక కాదది. కానీ మరో అర నిమిషం గడిచేసరికి కర్ణాటకలోని గౌరిబిదనూరులో ఉన్న యంత్రాలు దాన్ని పట్టేశాయి. ఎక్కడ పేలింది, ఎంత బలంగా పేలింది అన్న లెక్క అక్కడే మొదలైంది.

ఇప్పుడు ఈ విషయం ఎందుకంటే.. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్‌లో వరుసగా చిన్న భూకంపాలు వచ్చాయి. వెంటనే "అది భూకంపం కాదు, అణుబాంబు పరీక్ష" అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. అదే ఏడాది అక్టోబర్ 30న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అణు పరీక్షలు మళ్లీ మొదలుపెట్టాలని ఆదేశించినట్టు ప్రకటించారు. కొన్ని దేశాలు రహస్యంగా పరీక్షలు చేస్తున్నాయని ఆ తర్వాత ఆరోపించారు. ఇటు మన పడమటి కర్నూలులో కప్పట్రాళ్ల యురేనియం బోర్ల గొడవ ఉండనే ఉంది. అణు అనే మాట వింటేనే జనంలో భయం.

మరి అణుబాంబు పేలితే నిజంగా ఏం జరుగుతుంది? ఎవరికీ తెలియకుండా పేల్చడం సాధ్యమేనా? శాస్త్రవేత్తలు ఎలా కొలుస్తారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

కిలోటన్ను అంటే ఎంత?

అణు పేలుడు బలాన్ని కిలోటన్నుల్లో చెబుతారు. ఒక కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థం ఒక్కసారిగా పేలినంత శక్తి.

మన ప్రాంతంలో పేలుడంటే ముందు గుర్తొచ్చేది క్వారీ. 2018 ఆగస్టు 3న ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో జరిగిన పేలుడులో కనీసం పది మంది కూలీలు చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఒడిశా నుంచి పని కోసం వచ్చినవాళ్లే. చుట్టుపక్కల ఊళ్లలో భూకంపం వచ్చిందనుకుని జనం ఇళ్లలోంచి బయటకు పరుగెత్తారు. ఒక క్వారీలో నిల్వ ఉండే సరుకు పేలితేనే పరిస్థితి అది.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరుట్ ఓడరేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలింది. దాని బలం అర కిలోటన్ను నుంచి ఒక కిలోటన్ను మధ్య ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పేలిన బాంబు సుమారు 15 కిలోటన్నులు. పది టన్నుల లారీలు లెక్కేసుకుంటే 1,500 లారీల టీఎన్‌టీ. అదంతా సెకనులో పది లక్షల వంతులోనే పేలిపోయింది. ఈ రోజు దేశాల దగ్గర ఉన్న అణ్వాయుధాల్లో చాలావాటి ముందు ఆ బాంబు చిన్నదే.

వెలుగు ముందు.. దెబ్బ తర్వాత

గాలిలో పేలిన అణుబాంబు శక్తిలో దాదాపు సగం పేలుడు గాలి రూపంలో, 35 శాతం వేడి రూపంలో, మిగతా 15 శాతం రేడియేషన్ రూపంలో బయటకు వస్తుంది. ఇవి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

దూరాలు అర్థం కావడానికి హిరోషిమా కొలతలను మన మ్యాపు మీద పెట్టి చూద్దాం. భయపెట్టడానికి కాదు, లెక్క కోసం మాత్రమే. అక్కడ బాంబు నేలకు సుమారు 600 మీటర్ల ఎత్తులో పేలింది. అదే ఆదోని పట్టణం నడిబొడ్డున జరిగిందనుకోండి.

మొదట కళ్లు చెదిరే వెలుగు. ఆ వెంటే వేడి. హిరోషిమాలో పేలుడుకు సరిగ్గా కింద నేల మీద ఉష్ణోగ్రత 3,000 నుంచి 4,000 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. ఆరుబయట ఉన్నవాళ్లకు మూడున్నర కిలోమీటర్ల దూరంలో కూడా చర్మం కాలింది. వేడి వెలుగుతోపాటే వస్తుంది కాబట్టి తప్పుకునే వ్యవధి ఉండదు.

తర్వాత పేలుడు గాలి. ఇది నిజానికి గాలి గోడ లాంటిది. సుమారు రెండు కిలోమీటర్ల లోపు ఉన్న మామూలు ఇళ్లన్నీ కూలిపోతాయి. ఆ దూరం చేరడానికి దానికి ఐదారు సెకన్లు చాలు. కూలిన ఇళ్లకు మంటలు అంటుకుంటాయి. హిరోషిమాలో సుమారు 11 చదరపు కిలోమీటర్లు కాలి బూడిదయ్యాయి. ఆ ఏడాది చివరికి దాదాపు 1,40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా.

ఎమ్మిగనూరులో ఉన్నవాళ్లకు ఏం తెలుస్తుంది? ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు గాలి దారిలో సుమారు 25 కిలోమీటర్లు. వెలుగు ఆ క్షణంలోనే కనిపిస్తుంది. శబ్దం మాత్రం 70 నుంచి 75 సెకన్ల తర్వాత వస్తుంది. మెరుపు చూసి ఉరుము కోసం లెక్కపెట్టినట్టే అన్నమాట. ఆ తేడాను కొలిస్తే పేలుడు ఎంత దూరంలో జరిగిందో తెలిసిపోతుంది.

కంటికి కనిపించనిది రేడియేషన్

పేలిన మొదటి నిమిషంలో వచ్చే గామా కిరణాలు, న్యూట్రాన్లు ఒక రకం. హిరోషిమా స్థాయి బాంబుకు సుమారు ఒక కిలోమీటరు లోపు ఇవి ప్రాణాంతకం. రెండో రకం, తర్వాత దుమ్ములా రాలేది. బాంబు నేలకు దగ్గరగా పేలితే మట్టి, రాయి పొడి పైకి లేచి రేడియోధార్మిక పదార్థంతో కలిసి, గాలి ఎటు వీస్తే అటు పోయి రాలుతుంది. దీన్నే ‘ఫాలౌట్’ అంటారు. పేలుడు ఒక ఊళ్లో జరిగినా, దుమ్ము పడేది గాలివాటున ఉన్న ఇంకో ఊరి పొలాల మీద.

ఈ దుమ్ము విషయంలో శాస్త్రవేత్తలు ‘7-10’ లెక్క ఒకటి వాడతారు. సమయం ఏడు రెట్లు పెరిగిన ప్రతిసారీ రేడియేషన్ పదో వంతుకు తగ్గుతుంది. పేలిన గంటకు 100 ఉంటే, 7 గంటలకు 10, సుమారు రెండు రోజులకు 1. అందుకే అలాంటి సమయంలో మొదటి ఒకటి రెండు రోజులు పక్కా ఇంట్లో, తలుపులు కిటికీలు వేసుకుని లోపలే ఉండాలని చెబుతారు. అయితే అన్నీ అంత త్వరగా పోవు. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమైతే, సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్లు పడుతుంది.

ఒంటికి తగిలిన రేడియేషన్‌ను సీవర్ట్‌లలో కొలుస్తారు. సీవర్ట్‌లో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రపంచంలో ఒక మనిషికి సగటున ఏడాదికి వచ్చేది 2.4 మిల్లీసీవర్ట్. గ్రానైట్ ఎక్కువగా ఉండే నేలల్లో ఇది కాస్త పెరగడం సహజం. అదే 4,000 నుంచి 5,000 మిల్లీసీవర్ట్‌లు ఒకేసారి ఒళ్లంతా తగిలితే, వైద్యం అందకపోతే సగం మంది రెండు నెలల్లోపే చనిపోతారు.

ఈ అంకెల్లో చాలావాటికి ఆధారం హిరోషిమా, నాగసాకి బాధితుల జీవితాలే. 1950 నుంచి దాదాపు 1,20,000 మంది ఆరోగ్యాన్ని జపాన్‌లో వరుసగా గమనిస్తూ వస్తున్నారు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, ఏ గోడ చాటున ఉన్నారు, తర్వాత ఏ జబ్బు వచ్చింది అన్నది ఒక్కొక్కరి పేరున రాసుకున్నారు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, స్కానింగ్ సిబ్బందికి ఎంత రేడియేషన్ మించకూడదన్న పరిమితులు కూడా ప్రధానంగా ఆ లెక్కల మీదే నిలబడ్డాయి.

కాగితం ముక్కలతో కొలిచాడు

మొట్టమొదటి అణు పరీక్ష 1945 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో జరిగింది. శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో నిలబడ్డాడు. వెలుగు కనిపించిన 40 సెకన్లకు పేలుడు గాలి వచ్చింది. సరిగ్గా అప్పుడే చేతిలోని కాగితం ముక్కలను కిందికి వదిలాడు. అవి సుమారు రెండున్నర మీటర్లు పక్కకు కొట్టుకుపోయాయి. దాన్ని బట్టి పేలుడు బలం పది కిలోటన్నులని అంచనా వేశాడు. తర్వాత పరికరాలతో తేల్చిన లెక్క 21 కిలోటన్నులు, ఇటీవలి పరిశోధన ప్రకారం సుమారు 25. కాగితం ముక్కలతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు. మన జిన్నింగ్ మిల్లులో ఎగిరే దూది పింజను చూసి ఫ్యాన్ ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పినట్టు!

బ్రిటన్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ ఇంకో దారి పట్టాడు. ఆ పేలుడు ఫోటోలు చూసి, ఏ క్షణానికి అగ్నిగోళం ఎంత వెడల్పయిందో కొలిచి బలాన్ని లెక్కగట్టాడు.

హిరోషిమాలో పరికరాలు పెట్టి కొలిచే వీలు లేదు కాబట్టి అక్కడ నగరమే పరికరమైంది. వంగిన ఇనుప స్తంభాలు, కరిగి బుడగలు వచ్చిన ఇంటి పెంకులు, పైపొర పొట్టులా లేచిన గ్రానైట్ రాళ్లు. ఒక్కోటి పేలుడుకు ఎంత దూరంలో ఉందో కొలిచి అక్కడ ఎంత వేడి, ఎంత ఒత్తిడి వచ్చాయో రాబట్టారు. పేలుడు కేంద్రానికి 260 మీటర్ల దూరంలో ఒక బ్యాంకు రాతిమెట్ల మీద కూర్చున్న మనిషి నీడ అలాగే మిగిలిపోయింది. చుట్టూ రాయి వేడికి తెల్లబడింది, మనిషి అడ్డున్న చోట మాత్రం పాత రంగే ఉండిపోయింది.

గాలిలో పేలుడును ఆకాశం నుంచి కూడా పట్టేస్తారు. అణు పేలుడు వెలుగు ఒకసారి మెరిసి, కాస్త తగ్గి, మళ్లీ మెరుస్తుంది. ఈ రెండు మెరుపుల మధ్య సమయాన్ని బట్టి బలం తెలుస్తుంది. దీన్ని కొలిచే పరికరం పేరు భాంగ్‌మీటర్. మన ‘భంగు’ నుంచి వచ్చిన పేరే అది! "ఇది పనిచేస్తుందని నమ్మేవాళ్లు భంగు తాగి ఉండాలి" అన్న సరదాతో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైన్స్ ఆ పేరు పెట్టాడు. పరికరం మాత్రం చక్కగా పనిచేసింది. ఉపగ్రహాల్లోకి కూడా ఎక్కింది.

భూమి లోపల పేలిస్తే? గౌరిబిదనూరు వింటుంది

గాలిలో పేలిస్తే దుమ్ము ప్రపంచమంతా పడుతోందని 1963 తర్వాత చాలా దేశాలు పరీక్షలను భూగర్భంలోకి మార్చాయి. అప్పుడు వెలుగు కనిపించదు, గాలి తగలదు. మిగిలేది నేల కదలిక. దాన్ని పట్టే పెద్ద కేంద్రాల్లో ఒకటి మనకు చాలా దగ్గరలోనే ఉంది.

ఆదోని నుంచి బెంగళూరు రైలెక్కితే గుంతకల్లు, ధర్మవరం, హిందూపురం దాటాక గౌరిబిదనూరు స్టేషన్ వస్తుంది. ఊరు కర్ణాటకదే అయినా అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. 1965లో బ్రిటన్ అణు ఇంధన సంస్థ సహకారంతో అక్కడ భూకంప యంత్రాల వరుస ఏర్పాటైంది. నడిపేది భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్. ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం ఆకారంలో రెండు వైపులా పాతిక కిలోమీటర్ల చొప్పున 20 సీస్మోమీటర్లు పాతారు.

అక్కడే ఎందుకు? కింద గట్టి రాయి, సముద్రం హోరు దూరం, పెద్ద ఫ్యాక్టరీల చప్పుడు తక్కువ. ఆదోని కొండల్లో కనిపించే పాత గ్రానైట్ రాతి నేల లాంటిదే అక్కడిదీ. గట్టి రాయిలో తరంగం పెద్దగా బలహీనపడకుండా ప్రయాణిస్తుంది.

ఒక్క యంత్రం చాలదా? చాలదు. ఒక్క యంత్రానికి లారీ వెళ్లినా, గాలి వీచినా కదలికే. ఇరవై యంత్రాలు ఉంటే ఏ యంత్రానికి ముందు తగిలింది, ఏ యంత్రానికి తర్వాత తగిలింది అన్న తేడాతో తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. అన్నిటినీ సర్ది కలిపితే స్థానికంగా వచ్చే చప్పుడు తగ్గి అసలు కదలిక తేటగా కనిపిస్తుంది.

భూకంపానికీ పేలుడుకూ తేడా ఎలా పడతారు?

• మొదటి కదలిక: బాంబు పేలితే చుట్టూ ఉన్న రాయిని అన్ని వైపులా బయటకే నెడుతుంది. కాబట్టి ఏ దిక్కున ఉన్న యంత్రంలోనైనా మొదటి కదలిక పైకే. భూకంపంలో రెండు రాతి పలకలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ జారుతాయి. కొన్ని చోట్ల మొదటి కదలిక పైకి, కొన్ని చోట్ల కిందికి ఉంటుంది.

• తరంగాల పోలిక: భూమి లోపలి నుంచి వచ్చే తరంగాలతో పోలిస్తే నేల పైపొర మీద నడిచే తరంగాలు పేలుడులో బాగా చిన్నవిగా ఉంటాయి. భూకంపంలో పెద్దవి.

• లోతు: అణు పరీక్షలు సాధారణంగా కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపే. భూకంపాలు చాలావరకు అంతకంటే ఎంతో లోతున పుడతాయి.

• చోటు: భూకంపాలు తరచూ వచ్చే పగులు మీద ఉందా, లేక ఏనాడూ కదలని చోటా అన్నది కూడా చూస్తారు.

ఏ ఒక్కటీ చాలదు. అన్నీ ఒకే మాట చెబితేనే తేలుస్తారు. క్వారీ బ్లాస్టింగ్‌ను వేరు చేసేదీ దాదాపు ఇవే లెక్కలతో.

పోఖ్రాన్ బలం మీద ఇప్పటికీ వాదనే

పేలుడు జరిగిందని చెప్పడం ఒక ఎత్తు. ఎన్ని కిలోటన్నులని చెప్పడం ఇంకో ఎత్తు. 1998 మే 11 పేలుళ్లు కలిపి సుమారు 60 కిలోటన్నులని మన అణు శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులో హైడ్రోజన్ బాంబు ఒక్కటే 45. అమెరికా జియలాజికల్ సర్వే మాత్రం ఆ రోజు మాగ్నిట్యూడ్‌ను 5.2గా నమోదు చేసింది. విదేశీ నిపుణుల్లో పలువురు దాన్ని బట్టి 10 నుంచి 20 కిలోటన్నులే ఉంటుందన్నారు.

ఒకే కదలికకు ఇన్ని లెక్కలెందుకు? మాగ్నిట్యూడ్‌ను కిలోటన్నులుగా మార్చాలంటే అక్కడి రాయి గురించి తెలియాలి. మెత్తటి పొడి నేల దెబ్బను మింగేస్తుంది, తడి గట్టి రాయి అలాగే అందిస్తుంది. దగ్గర్లో ఒకేసారి పేలిన రెండు బాంబుల తరంగాలు కొన్ని దిక్కుల్లో ఒకదాన్నొకటి తగ్గించుకోవచ్చన్నది బార్క్ శాస్త్రవేత్తల వాదన. పేలుడు జరిగిన చోట బోరు వేసి తీసిన రాతి నమూనాల్లోని రేడియోధార్మికత కూడా తమ లెక్కనే చెప్పిందని వాళ్లు అన్నారు. 2009లో, ఆ పరీక్షల్లో డీఆర్‌డీవో తరఫున పనిచేసిన కె. సంతానం హైడ్రోజన్ బాంబు ఆశించినంత బలం ఇవ్వలేదని బహిరంగంగా చెప్పారు. అబ్దుల్ కలాం, ఆర్. చిదంబరం ఆ మాటను కొట్టిపారేశారు.

దేశ భద్రతకు సంబంధించిన ఇంత పెద్ద ప్రశ్న చివరికి రాయి ఎంత మెత్తన అన్న దగ్గర ఆగింది చూశారా!

రహస్యంగా పేల్చడం కుదురుతుందా?

అణు పరీక్షల పూర్తి నిషేధ ఒప్పందం 1996లో వచ్చింది. దాని కోసం ప్రపంచమంతా 321 పరిశీలన కేంద్రాలు, 16 ప్రయోగశాలలతో ఒక వ్యవస్థను రూపొందించారు. నేల కదలికను, సముద్రంలో శబ్దాన్ని, గాలిలో చెవికి వినిపించని శబ్దాన్ని, రేడియోధార్మిక కణాలను ఇవి పట్టుకుంటాయి. భారత్, పాకిస్తాన్ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. మన చెవి మనకు గౌరిబిదనూరే.

భూకంప యంత్రాలు పేలుడు అని చెప్పగలవు. అది అణు పేలుడే అని ఖాయం చేసేది గాలి. అణు పేలుడులో జినాన్ అనే వాయువు పుడుతుంది. అది దేనితోనూ కలవదు, రాతి పగుళ్లలోంచి నెమ్మదిగా బయటకు వస్తుంది. ఉత్తర కొరియా 2013 ఫిబ్రవరిలో జరిపిన పరీక్ష నేల కదలికల్లో నిమిషాల్లోనే దొరికిపోయింది. 55 రోజుల తర్వాత జపాన్‌లోని తకాసాకి కేంద్రంలో జినాన్ కూడా దొరికింది.

అలాగని ప్రతిదీ దొరుకుతుందని కాదు. 1998 మే 13న భారత్ జరిపిన రెండు చిన్న పరీక్షల కదలికలు విదేశీ కేంద్రాల రికార్డుల్లో కనిపించలేదు. ఒక కిలోటన్ను కంటే బాగా తక్కువైతే గుర్తించడం కష్టం. కానీ నగరాన్ని నేలమట్టం చేసే బాంబును పరీక్షించి దాచడం ఈ రోజుల్లో దాదాపు అసాధ్యం.

2025 మే పుకార్ల సంగతి కూడా అలాగే తేలింది. అవి మామూలు భూకంపాలేనని భూకంప నిపుణులు చెప్పారు. పాకిస్తాన్ అణు కేంద్రాల నుంచి రేడియేషన్ లీకేమీ లేదని అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ ప్రకటించింది.

కప్పట్రాళ్ల భయం వేరు.. బాంబు వేరు

దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో యురేనియం కోసం 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదన 2024లో బయటకు రావడంతో ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. ఆ ఏడాది నవంబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాన్ని ఆపాలని ఆదేశించారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా తెలుసుకోవాలి. నేలలో ఉన్న యురేనియం పేలదు. సహజ యురేనియంలో విచ్ఛిన్నమయ్యే యు-235 కేవలం 0.7 శాతం. బాంబుకు దాన్ని 90 శాతం వరకు పెంచాలి. అంటే బోరు వేస్తే బాంబులా పేలుతుందన్న ప్రచారంలో నిజం లేదు. అయితే ఊరివాళ్లు అడిగే అసలు ప్రశ్న అది కాదు. తవ్వకాలు మొదలైతే బోరు నీళ్లలో యురేనియం ఎంత, గాలిలో రేడాన్ ఎంత, పొలం దుమ్ములో ఎంత? ఇవన్నీ కొలవగలిగినవే. తవ్వకానికి ముందే ఊరూరా కొలిచి, ఆ అంకెలను జనం ముందు పెడితేనే తర్వాత ఏదైనా మారిందా లేదా అన్నది తెలుస్తుంది. ముందు కొలత లేకపోతే కంపెనీ మాటా, ఊరి మాటా రెండూ వాదనలుగానే మిగిలిపోతాయి.

మెసేజ్ వస్తే ఇవి చూడండి

• "ఫలానా చోట అణు పరీక్ష" అని మెసేజ్ వస్తే ముందుగా ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం వెబ్‌సైట్‌లో ఆ సమయం, చోటు, మాగ్నిట్యూడ్ ఉన్నాయో లేదో చూడండి.

• భూకంపం వచ్చిన చోట తర్వాత చిన్న ప్రకంపనలు వరుసగా వస్తున్నాయా గమనించండి. సహజ భూకంపాల్లో అవి ఎక్కువ.

• లోతు పది కిలోమీటర్లని ఉంటే అదొక్కటే చూసి తేల్చేయకండి. లోతు సరిగా తెలియనప్పుడు కూడా నిపుణులు మొదట ఆ అంకెనే పెట్టుకుంటారు.

• ఒక్క దేశం, ఒక్క సంస్థ మాట కాకుండా వేర్వేరు కేంద్రాల లెక్కలు కలుస్తున్నాయా చూడండి.

• రేడియేషన్ లీక్ అని ఎవరైనా అంటే యూనిట్ అడగండి. మిల్లీసీవర్టా, మైక్రోసీవర్టా, గంటకా, ఏడాదికా? అంకె పక్కన యూనిట్ లేని మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయకపోవడమే మేలు.